నూనె తగులరాని చోటు

యంత్రమునకు నూనెయే ప్రాణమని నమ్ముట మనకు తరతరములనుండి వచ్చిన అలవాటు. కిఱ్ఱుమను తలుపు బందులకును, కుట్టుమిషనునకును, సైకిలు చైనుకును ఒక్క చుక్క వేసినంతనే అవి సుఖముగా కదలుట కన్నులార చూతుము గనుక, సైకిలును ముద్దుగా చూచుకొను ప్రతివాడును దానికి నూనె పట్టించుటయే పోషణమని తలచును. కాని ఆ సైకిలునందే నూనె ఒక్క బొట్టయినను సోకరాని చోటు ఒకటి కలదు. అది బ్రేకు రబ్బరు వచ్చి ఆనుకొను రిమ్ము అంచు. నూనె వేయదగిన భాగములెల్ల రాపిడి తగ్గిననే బాగుపడునవి. ఈ అంచు మాత్రము రాపిడిచేతనే పనిచేయునది. ఈ భేదము గమనింపనందుననే, బ్రేకు పట్టనప్పుడు మనవారు ముందుగా తీగ బిగింపజూతురు, అది చాలకున్న రబ్బర్లు మార్పింతురు; రిమ్మును శుభ్రముగా తుడిచి చూతమన్న ఆలోచన మాత్రము అన్నిటికిని చివరనే వచ్చును.

శంషాబాదు ప్రాంతమున ఈ విషయమునకు విశేష ప్రసక్తి కలదు. ఆరాంఘర్ నుండి గగన్‌పహాడ్, సాతంరాయి మీదుగా శంషాబాదు చేరి, అటుపై పాలమాకుల, కొత్తూరు దిక్కునకు సాగు 44వ జాతీయ రహదారిని, హైదరాబాదు నగరమును చుట్టివచ్చు 158 కిలోమీటర్ల ఔటర్ రింగురోడ్డు ఇచటనే ఖండించుచున్నది. పగలనక రేయనక లారీలు తిరుగు ఇట్టి మార్గములపై డీజిలు బొట్లును, ఇంజను నూనెయు, టైర్ల అరుగుదల పొడియు, కట్టడపు పనుల దుమ్మును పొరలుపొరలుగా పేరుకొనును. తొలకరి జల్లు పడగానే ఇదంతయు తేలివచ్చి నల్లని జిగట అగును. చక్రము దానిని చిమ్మి తన అంచులకే పూసికొనును. తెల్లవారుజామున వ్యాయామమునకై వేల రూపాయల సైకిళ్లపై సర్వీసు రోడ్డున సాగువారికిని, పాత సైకిలుపై క్యారియరునకు అన్నపు డబ్బా కట్టుకొని పనికి పోవువారికిని ఈ జిగట విషయమున తారతమ్యము లేదు.

పాతకాలపు పెద్ద సైకిళ్లకు ఇనుప కడ్డీలతో నడచు బ్రేకులుండెడివి. వాని రబ్బర్లు రిమ్మును లోపలివైపునుండి, అనగా పుల్లలు బిగించిన వైపునుండి, పైకి లాగి పట్టుకొనును. తరువాత వచ్చిన తీగ బ్రేకులు రిమ్మును రెండు ప్రక్కలనుండి నొక్కి పట్టుకొనును. రెండింటి సూత్రము ఒక్కటే. పరుగులోనున్న సైకిలు గతిశక్తియంతయు రబ్బరునకును లోహమునకును నడుమ పుట్టు రాపిడివలన వేడిగా మారి గాలిలో కలసిపోవలెను. గంటకు 20 కిలోమీటర్ల వేగమున పోవు సైకిలు సెకనునకు ఇంచుమించు ఐదున్నర మీటర్లు సాగును. మంచి బ్రేకు గలదైన నాలుగు మీటర్లలో నిలువగల ఆ సైకిలు, బ్రేకు పట్టు సగమునకు తగ్గినచో ఎనిమిది మీటర్లకుగాని నిలువదు. అధికమైన ఆ నాలుగు మీటర్లు ఒక కారు పొడవునకు సమానము.

రిమ్ముపై పొర కంటికి కనబడనంత పలుచనిదైనను పట్టు ఎట్లు సడలుననుటకు సమాధానము నూనె స్వభావమునందే కలదు. ఇరువదవ శతాబ్దపు మూడవ దశకారంభమున విలియం హార్డీ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు ఐడా డబుల్‌డే అను సహపరిశోధకురాలితో కలసి ఈ పలుచని పొరలను పరిశోధించెను. కొవ్వుజాతి ద్రవ్యముల అణువులు పొడవైన గొలుసులవంటివి. వాని ఒక కొన లోహమునకు అంటుకొని, తక్కిన తోక వెలుపలికి నిలిచియుండును. అట్టివి వరుసగా క్రిక్కిరిసి నిలిచినప్పుడు, పైనుండి వచ్చి నొక్కు వస్తువు లోహమును తాకలేక ఆ తోకల పైననే జారిపోవును. కనుక రిమ్మున నూనె ఓడుచుండనక్కరలేదు. వేలికి తెలియనంతటి పూతయైనను చాలును. బ్రేకు తీగ ఎంత బిగించినను ఈ పూత తొలగదు. చేయి నొచ్చుటయే మిగులును.

ఈ జిడ్డునకు మూలము రహదారి ఒక్కటియే కాదు. తఱచుగా మన శ్రద్ధయే దీనిని తెచ్చిపెట్టును. చైనుకు స్ప్రే డబ్బాతో నూనె చిమ్మునప్పుడు దాని తుంపర వెనుక చక్రపు అంచున పడును. చైనుపై మిగిలిన నూనెను తుడువనిచో అది మరునాటి పరుగులో విసరబడి రిమ్మును చేరును. టైరు నల్లగా మెఱయుటకై రాయు పాలిష్ ప్రక్కకు జారి అంచున నిలుచును. అందలి సిలికోను పొర వదలించుట మిక్కిలి కష్టము. ఇక అల్యూమినియము రిమ్ములపై కనబడు నల్లని మసి వేఱొక జాతిది. అరిగిన రబ్బరును లోహపు పొడియు కలసి ఏర్పడిన ఈ మసి ఒంటరిగా అంత అపాయకరము కాదు; నూనెతో కూడినపుడే బంకయై జారుడు పుట్టించును.

జిడ్డున్నదో లేదో తెలిసికొనుటకు పరికరమేదియు అక్కరలేదు. రిమ్ము అంచుపై కొంచెము నీరు చల్లి చూడవలెను. శుభ్రమైన లోహముపై నీరు పలుచని పొరగా పరచుకొనును. జిడ్డున్న చోట ముత్యములవలె విడివడి నిలుచును. పిదప తెల్లని పాత బనియను గుడ్డను అంచునకు చుట్టి చక్రమును ఒక్క చుట్టు తిప్పినచో, గుడ్డపై పడిన గీత పొడిబూడిద వర్ణమున నున్నదా, వేలికి అంటు నిగనిగల నలుపున నున్నదా అనుదానిని బట్టి మన నిర్ణయము స్థిరపడును.

శుద్ధిచేయు విధానము సులభమే గాని, క్రమము తప్పరాదు. మొదట పొడిగుడ్డతో దుమ్ము తీసివేయవలెను. లేనియెడల ఇసుక రిమ్మును గీరును. పిమ్మట గోరువెచ్చని నీటిలో గిన్నెల సబ్బు కలిపి, మెత్తని పీచుతో రెండు అంచులను జానెడు జానెడు చొప్పున రుద్దుచు చక్రమంతయు తిరిగి రావలెను. కుంకుడుకాయ రసముతోనైనను ఈ పని జరుగును. అందలి సపోనినులును సబ్బువలెనే ఒక కొన నీటిని, ఒక కొన జిడ్డును పట్టుకొని రెండింటిని కలిపి కొట్టుకొనిపోవును. సబ్బు నీరు ఎండకముందే మంచినీటితో బాగుగా కడుగవలెను. అట్లు చేయనిచో ఆ సబ్బే మఱియొక పూత యగును. ఆరిన తరువాత ఐసోప్రొపైల్ ఆల్కహాలు తడిపిన క్రొత్త గుడ్డతో, మడత మార్చుచు, గుడ్డ తెల్లగా వచ్చువఱకు తుడువవలెను. ఇది ఎగిరిపోవు ద్రవము గనుక వెనుక ఏమియు మిగులనీయదు. చేతులకు రాచుకొను శానిటైజరును దీనికి బదులు వాడరాదు. చర్మము పగులకుండ అందులో సామాన్యముగా గ్లిజరిను కలుపుదురు, అది రిమ్ముపై నిలిచిపోవును.

రిమ్మొకటే శుభ్రపడిన చాలదు. రబ్బరులోనికి ఇంకిన జిడ్డు మొదటి నొక్కునకే దానిని మరల పూయును. కావున బ్రేకు రబ్బర్లను విప్పి, నునుపెక్కి మెఱయుచున్న ముఖమును గరుకు కాగితముపై రెండుమూడు మారులు రాచి, లోపలి బొగ్గువంటి నలుపు పైకి వచ్చునట్లు చేయవలెను. వెలుతురునకు ఎత్తి చూచినచో ఆ ముఖమున చిన్న వెండి తునుకలవలె మెఱయునవి కొన్ని కనబడవచ్చును. రిమ్మునుండి ఊడి రబ్బరులో గ్రుచ్చుకొన్న అల్యూమినియపు ముక్కలవి. సూదిమొనతో వానిని పెకలించి తీయకున్న, గరగరమను చప్పుడుతో రిమ్మునే కోయుచుండును.

ఈ సందర్భమున మన పాత ఉపాయములు కొన్నింటిని విడువక తప్పదు. గ్యాస్‌నూనె జిడ్డును కరగించుట నిజమే గాని, తాను పూర్తిగా ఎగిరిపోక పలుచని పూత మిగుల్చును. చైనుకు అది చెల్లును, రిమ్మునకు చెల్లదు. పెట్రోలు అగ్నిభయము గలది. పైగా టైరునకు తగిలినచో దానిని చెఱచును. క్రోమియము పూత గల ఇనుప రిమ్మును గరుకు కాగితముతో రుద్దినచో పూత లేచి తుప్పు పట్టును. అట్టి రిమ్ములు ఎంత శుభ్రముగా నున్నను వానలో పట్టు బాగుగా తగ్గును. అది మలినదోషము కాదు, తడిసిన క్రోమియము నునుపువలని దోషము. కాన వానలో ముందుగానే కొంచెము బ్రేకు నొక్కి నీటిని తుడిచికొనుచు పోవుట యుక్తము.

చక్రమును జారనీయక పట్టి నిలుపుటకై ఉపరితలమును శుద్ధిచేయు కార్యము ఇదే శంషాబాదులో మహాప్రమాణమునను నడచును. 2008 మార్చి 23న ప్రయాణికుల సేవ ఆరంభించిన రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయపు ప్రధాన రన్‌వే పొడవు 4,260 మీటర్లు. గంటకు సుమారు 250 కిలోమీటర్ల వేగమున దిగు పెద్ద విమానము నేలను తాకు క్షణమున దాని చక్రములు తిరుగుచుండవు. అవి వేగమందుకొనులోపల నేలపై ఒరసికొని పొగ లేచును, కరగిన రబ్బరు రన్‌వే గరుకులో దూరి గట్టిపడును. దిగుడు తరువాత దిగుడుగా ఆ పూత దట్టమై గరుకంతయు పూడిపోయినచో, వాననీరు నిలిచి విమానమునకు బ్రేకు పట్టదు. అందుచేత విమానాశ్రయములు నేలపై నీరు చల్లుచు పట్టు కొలుచు వాహనములను నడపును. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ మార్గదర్శకము ననుసరించి, అట్టి యొకరకపు వాహనము గంటకు 65 కిలోమీటర్ల వేగమున చూపు విలువ 0.60కు దిగినచో శుద్ధికి ఏర్పాటు చేయవలెను; 0.50 కంటె తగ్గరాదు. రబ్బరును లేపుటకు అత్యధిక పీడనముగల నీటి ధారలు సాధారణముగా వాడుదురు. అచటి మలినము రబ్బరు, మన రిమ్ముపై మలినము నూనె. అయినను పట్టు తగ్గకమునుపే కొలిచి శుద్ధిచేయు ఆ పద్ధతి మనము నేర్వదగినది.

శుద్ధివలన తీరని దోషములును కలవు. రబ్బరు ఏండ్లు గడచి రాయివలె గట్టిపడినచో మార్చుటే మార్గము. పెక్కు అల్యూమినియము రిమ్ముల అంచున చిన్న గాడియో గుంటయో ఉండును. అరుగుదలను తెలుపు ఆ గుర్తు చెరిగిపోయిన రిమ్మును ఎంత తోమినను నమ్మరాదు. డిస్కు బ్రేకు గల సైకిళ్లలో నూనె పీల్చిన ప్యాడ్లను సామాన్యముగా మార్చివేయుటే క్షేమము. డిస్కును మాత్రము ఆల్కహాలుతో తుడిచి నిలుపుకొనవచ్చును.

పని ముగిసిన పిమ్మట సైకిలును తిన్నగా రహదారికి ఎక్కింపరాదు. జనసంచారము లేని సందులో మెల్లగా పోవుచు, ముందు వెనుక బ్రేకులను వేఱువేఱుగా పదిమారులు నొక్కి, క్రొత్తగా తేలిన రబ్బరును రిమ్ముతో కలియనీయవలెను. ఇక మీదట చైనుకు నూనె వేయుటకు స్ప్రే డబ్బా మాని, చుక్కలుగా పడు చిన్న డబ్బా వాడి, మిగులును గుడ్డతో తుడిచినచో, మీ రిమ్మునకు సబ్బునీటి అవసరము చాల తగ్గును. సైకిలును దుకాణమున ఓవరాలింగునకు ఇచ్చువారు నూనె ఎచట వేయవలెనో చెప్పనక్కరలేదు, అది ఆ పనివానికి తెలియును. ఎచట పడనీయరాదో మాత్రము దగ్గర నిలిచి చూచుకొనుట మంచిది.