ఖరగ్‌పూర్: చక్రాల లేతు నుంచి హిజ్లీ దాకా

పశ్చిమ బెంగాల్‌లో కంసావతి నదికి దక్షిణాన ఉన్న ఖరగ్‌పూర్‌కు పట్టణంగా రూపం వచ్చింది రైల్వే వల్లనే. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే హౌరా, నాగ్‌పూర్, మద్రాసు వైపు వెళ్లే దారులను ఇక్కడ కలిపింది. ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్లలో ఇక్కడే పెద్ద వర్క్‌షాపు నడిపింది. వాల్తేరు దాకా అదే కంపెనీ బండ్లు తిరగడంతో ఉత్తరాంధ్ర నుంచి కుటుంబాలు పనికోసం తరలివచ్చాయి. ఆ తెలుగువారి సంఖ్య ఎంతంటే, తెలుగును అధికార భాషల్లో చేర్చాలని 2020లో రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయించింది.

వర్క్‌షాపు ఊరికి ఇచ్చింది జీతం ఒక్కటే కాదు, చేతి నేర్పు కూడా. రైలు చక్రాన్నే తీసుకుంటే, పట్టా మీద ఆనే భాగం చదునుగా ఉండదు. సుమారు ఇరవైకి ఒకటి చొప్పున వాలుగా ఉంటుంది. మలుపులో ఇరుసు బయటివైపు జరిగినప్పుడు బయటి చక్రం పెద్ద చుట్టుకొలత మీద, లోపలిది చిన్న చుట్టుకొలత మీద దొర్లుతాయి. రెండూ ఒకే ఇరుసుకు బిగించి ఉన్నా, జత తనంతట తానే మలుపు తిరుగుతుంది. అరిగితే ఆ వాలు చెడుతుంది, బండి ఊగుతుంది. లేతు మీద దాన్ని తిరిగి కోయడానికి కొలత తెలిసిన కన్ను కావాలి. అది పుస్తకంతో మాత్రమే వచ్చేది కాదు. బేరింగులకైనా, ఎక్స్కవేటర్లకైనా ఇలాంటి కచ్చితత్వమే కావాలి. ఆ రెండు రకాల టాటా కర్మాగారాలూ ఇప్పుడు ఖరగ్‌పూర్‌లో ఉన్నాయి.

సిగ్నళ్ల కథ వేరు. బండిని దారి మళ్లించే పాయింట్లు సరిగా పడి, తాళం బిగిసి, దారి ఖాళీగా ఉంటేనే సిగ్నల్ పచ్చబడాలి. ఎదురుపడే మరో దారికి అనుమతి దక్కకూడదు. ఒకప్పుడు రిలేలనే విద్యుత్ స్విచ్‌లు చూసుకున్న ఈ తర్కాన్ని 2017లో ఖరగ్‌పూర్ స్టేషన్‌లో 800 రూట్లకు ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగ్‌కు అప్పగించారు. రిలేల కాలంలో లోపం కోసం తీగ వెంట మీటరుతో వెతికేవారు. ఇప్పుడు చాలాసార్లు ఎలక్ట్రానిక్ కార్డు మార్చేస్తారు.

1951లో బ్రిటిష్ కాలపు హిజ్లీ నిర్బంధ శిబిరం భవనంలో మొదలైన ఐఐటీ పట్టణానికి రెండో విజ్ఞాన కేంద్రం. దేశమంతటి నుంచీ వచ్చిన విద్యార్థుల్లో చాలామంది చదువు ముగియగానే వెళ్లిపోతారు కనుక, వర్క్‌షాపులా అది ఊరి ఇంటింటికీ పని చూపలేదు. ఆ లోటు కొంత తీర్చగలిగేది అక్కడి శాస్త్ర సాంకేతిక పారిశ్రామికవేత్తల పార్కు: పరిశోధన చేసినవారు చిన్న సంస్థ పెట్టుకోవడానికి గది, పరికరాలు, సలహా ఇస్తుంది. అలాంటి సంస్థ తన నమూనాకు కావలసిన భాగాన్ని పక్క వీధి లేతు దుకాణంలో కోయించుకుంటే ఆ పని ఊళ్లోనే ఉంటుంది. కోసేవాడికి కొత్త కొలతలూ అలవాటవుతాయి.