విత్తన ప్లేటు గుంటలకు సీఎన్‌సీ వృత్తచాప ప్రోగ్రామింగ్: సస్యశాస్త్ర దృష్టితో ఒక పరిశీలన

మొక్కజొన్న సాళ్లలో ఖాళీలు కనిపించినప్పుడు అనుమానం సాధారణంగా మొదట విత్తనంపైకి, తరువాత నేలలోని తేమపైకి, ఆ తరువాత పురుగుపైకి పోతుంది. విత్తే యంత్రంలోని ప్లేటు వరకు ఆ విచారణ వెళ్లడం అరుదు. ఖాళీలు చెదురుమదురుగా ఉంటే పై మూడు కారణాలను వెదకడం సమంజసమే. కాని ఒక సాలులో ప్రతి 17 మొక్కల తరువాత ఒక ఖాళీ క్రమం తప్పకుండా వస్తున్నట్లయితే, అది విత్తన దోషమూ కాదు, నేల దోషమూ కాదు. ఆ సాలుకు విత్తనం అందించిన ప్లేటులో 18 గుంటలు ఉన్నాయనీ, వాటిలో ఒకటి పనిచేయడం లేదనీ ఆ సాలే తెలుపుతున్నది. 60 × 20 సెం.మీ. ఎడంలో హెక్టారుకు రావలసిన మొక్కలు 83,333. అన్ని సాళ్లకూ అటువంటి ప్లేట్లే అమర్చి ఉంటే హెక్టారుకు సుమారు 4,630 మొక్కలు పొలంలోకి రాకముందే పోయినట్లు లెక్క.

ఆ ఒక్క గుంట ఎందుకు పనిచేయలేదన్న ప్రశ్నకు సమాధానం చాలాసార్లు పొలంలో దొరకదు. ప్లేటును కోసిన సీఎన్‌సీ మిల్లింగ్ యంత్రపు ప్రోగ్రాములో, ఒక వృత్తచాపాన్ని వర్ణించే ఒకే ఒక్క పంక్తిలో అది ఉండవచ్చు. ఆ పంక్తిని చదవడం విస్తరణ శాస్త్రవేత్తకు గాని, సస్యశాస్త్ర విద్యార్థికి గాని అసాధ్యమైన పని కాదు. పాఠశాల స్థాయి నిరూపక జ్యామితి అందుకు చాలును.

హైదరాబాదులో ఈ రెండు విద్యలూ పక్కపక్కనే పెరిగినవి. బర్కత్‌పుర, చిక్కడపల్లి, అశోక్‌నగర్ ప్రాంతాలకు సమీపంలోని ఆజామాబాద్ పారిశ్రామిక వాడ నిజాం పాలనాకాలం నాటిది. యంత్రపరికరాల తయారీకి పేరొందిన ప్రాగా టూల్స్ సంస్థ 1943లో ఏర్పడి, కవాడిగూడ కేంద్రంగా పనిచేసింది. పనిముట్ల రూపకల్పనలో శిక్షణ ఇచ్చే సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ 1968లో బాలానగర్‌లో నెలకొన్నది. నగరానికి మరొక దిక్కున రాజేంద్రనగర్‌లో వ్యవసాయ విశ్వవిద్యాలయం, సంతోష్‌నగర్‌లో కేంద్రీయ మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ ఉన్నాయి. మెట్ట పంటలకు అనువైన ఏటవాలు ప్లేటు విత్తే యంత్రాలను రూపొందించిన సంస్థలలో ఈ చివరిది ఒకటి. దూరం కొన్ని కిలోమీటర్లే అయినా ప్లేటు కొలతలు ఇచ్చేవారికి ప్రోగ్రాము తెలియదు, ప్రోగ్రాము రాసేవారికి గింజ తెలియదు. దోషాలు ప్రవేశించేది ఈ సందులోనే.

ఏటవాలు ప్లేటు పనితీరు సరళమైనది. తొట్టి అడుగున వాలుగా తిరిగే గుండ్రని ప్లేటు అంచున గుంటలు ఉంటాయి. ఒక్కొక్క గుంట ఒక్కొక్క గింజను పట్టి పైకి తీసుకొనిపోయి విత్తన గొట్టంలోకి జారవిడుస్తుంది. గింజ గరిష్ఠ పరిమాణం కంటె గుంట వ్యాసం సుమారు 10 శాతం ఎక్కువగా ఉండాలన్నది రూపకల్పనలో సాధారణంగా పాటించే సూత్రం. గుంట చిన్నదైతే గింజ పట్టదు, పెద్దదైతే రెండు పడతాయి. ఐఎస్‌ఓ 7256 ప్రమాణం మొదటి భాగం ఈ రెండు లోపాలకూ హద్దులు నిర్ణయించింది. నిర్దేశిత ఎడానికి ఒకటిన్నర రెట్లు మించితే అది ఖాళీ, సగానికి మించకపోతే అది జంట. 20 సెం.మీ. ఎడానికి ఆ హద్దులు 30, 10 సెం.మీ. అవుతాయి.

ఉదాహరణకు 60 మి.మీ. వ్యాసార్ధం గల ప్లేటును, దాని అంచున 12 మి.మీ. వ్యాసం గల 18 అర్ధవృత్తాకార గుంటలను తీసుకొందాము. ప్లేటు కేంద్రాన్ని మూలబిందువుగా ఉంచితే, మొదటి గుంట కేంద్రం ఎక్స్ అక్షంపై 60 మి.మీ. దూరంలో ఉంటుంది. కట్టర్ బయటినుండి లోపలికి వచ్చి, (60, 6) బిందువు వద్ద చాపాన్ని ప్రారంభించి, (54, 0) గుండా సాగి, (60, -6) వద్ద ముగించి బయటకు పోవాలి. గుంట గోడను వర్ణించే పంక్తి ఇది:

జి03 ఎక్స్60.0 వై-6.0 ఐ0 జె-6.0

జి03 అనగా అపసవ్యదిశలో చాపం. సవ్యదిశకు జి02 వాడతారు. ఎక్స్, వై అక్షరాల వెంట ఉన్న సంఖ్యలు చాపం ముగిసే బిందువు నిరూపకాలు. ప్రారంభ బిందువును వేరుగా చెప్పనక్కరలేదు, కట్టర్ అప్పటికి ఎక్కడ ఉన్నదో అదే ప్రారంభం. ఐ, జె అనేవి ప్రారంభ బిందువునుండి కేంద్రం ఎంత దూరంలో, ఏ దిక్కున ఉన్నదో తెలుపుతాయి. ఇక్కడ కేంద్రం ప్రారంభానికి సరిగా 6 మి.మీ. దిగువన ఉన్నందున ఐ సున్న, జె ఋణ 6. కొత్తగా నేర్చుకొనేవారు కేంద్రపు నిరూపకాలనే, అనగా 60, 0 అనే సంఖ్యలనే, ఇక్కడ రాసే పొరపాటు తరచు చేస్తారు. అధిక నియంత్రకాలలో ఐ, జె విలువలు ప్రారంభ బిందువుకు సాపేక్షమైనవి.

జె ముందు ఋణ గుర్తు జారిపోతే ఏమవుతుంది? కేంద్రం (60, 12) వద్దకు పోతుంది. అక్కడినుండి ప్రారంభ బిందువు 6 మి.మీ., ముగింపు బిందువు 18 మి.మీ. దూరంలో ఉంటాయి. ఒకే వృత్తానికి రెండు వ్యాసార్ధాలు ఉండవు గనుక యంత్రం ఆగి హెచ్చరిక చూపుతుంది. ఇది మేలైన తప్పు, ఎందుకంటే ఇది దాగదు.

దాగే తప్పు వేరొకటి ఉన్నది. జి03 స్థానంలో జి02 పడినదనుకొందాము. కేంద్రం సరైనదే, రెండు వ్యాసార్ధాలూ సమానమే, కాబట్టి యంత్రానికి అభ్యంతరం లేదు. కట్టర్ వృత్తపు రెండవ సగంపై, ప్లేటు బయటివైపుగా తిరిగి వస్తుంది. 8 మి.మీ. కట్టర్ కేంద్ర మార్గాన్నే నేరుగా రాసిన ప్రోగ్రాములో ఆ మార్గపు చాప వ్యాసార్ధం 6 - 4 = 2 మి.మీ. అప్పుడు కట్టర్ (60, 2) నుండి (60, -2) కు లోపలివైపు కాక బయటివైపు తిరుగుతుంది. గుంట మాత్రం ఏర్పడుతుంది. 12 మి.మీ. వెడల్పూ ఉంటుంది. కాని లోతు 6 మి.మీ.కు బదులు రెండు పక్కలా 4 మి.మీ., నడుమ చిన్న గుబ్బతో 3.46 మి.మీ. మాత్రమే. చూపుకు అది గుంటే. గింజ అందులో కూర్చున్నా సగం బయటికి పొడుచుకొని ఉంటుంది, మిగులు గింజలను తుడిచే బ్రష్ దానిని కూడ తుడిచివేస్తుంది. పొలంలో 18వ మొక్క లేకపోవడానికి ఇంతకంటె పెద్ద కారణం అవసరం లేదు.

ఈ తప్పు ఒక్క గుంటలోనే ఎందుకు జరుగుతుందన్న సందేహం సహజం. ప్రోగ్రామును రెండు విధాలుగా రాయవచ్చు. ఒక గుంటను ఉపప్రోగ్రాముగా రాసి, అక్షాలను 20 డిగ్రీల చొప్పున తిప్పుతూ 18 సార్లు పిలవడం ఒక పద్ధతి. 18 గుంటలకూ నిరూపకాలు విడివిడిగా లెక్కించి వరుసగా రాయడం రెండవది. మొదటి పద్ధతిలో తప్పు జరిగితే 18 గుంటలూ చెడతాయి, ప్లేటు యంత్రంపైనుండి దిగగానే అది బయటపడుతుంది. రెండవ పద్ధతిలో ఒకటి మాత్రమే చెడి, మంచివాటి నడుమ కలిసిపోయి, రైతు చేను వరకు చేరుతుంది. అందువలన విత్తన ప్లేట్లకు ఉపప్రోగ్రాము పద్ధతిని కోరడం యంత్రశాల సౌలభ్యం కొరకు కాక, పంట కొరకే మంచిది.

గుంట అంచు ప్లేటు అంచును దాదాపు లంబంగా కలుస్తుంది. ఆ మూల పదునుగా ఉంటే గింజ పొరను చీలుస్తుంది. కాబట్టి ప్రతి మూలనూ 1 మి.మీ. వ్యాసార్ధంతో గుండ్రపరచవలసి ఉంటుంది. ప్లేటు బయటి అంచు చుట్టూ సవ్యదిశలో పోయే ఒకే మార్గంగా దీనిని రాస్తే, ఒక్కొక్క గుంటకు మూల జి02, గుంట జి03, మూల జి02, తరువాతి గుంట వరకు ప్లేటు అంచు జి02 అని నాలుగు చాపాలు వస్తాయి. ప్లేటు మొత్తానికి 72 చాపాలు, వాటిలో 54 జి02, 18 జి03. వరుసగా జి02 రాస్తున్న చేతికి జి03 తప్పిపోవడం ఎంత సులభమో ఈ లెక్కే తెలుపుతుంది. ముద్రించిన ప్రోగ్రాములో జి03 ఎన్నిసార్లు ఉన్నదో లెక్కపెట్టడం సస్యశాస్త్రజ్ఞుడు కూడ చేయగలిగిన తనిఖీ. 18 రాకపోతే ప్లేటు కోయనక్కరలేదు.

కేంద్రానికి బదులు ఆర్ అక్షరంతో వ్యాసార్ధాన్ని నేరుగా ఇచ్చే వెసులుబాటు కూడ ఉన్నది. రెండు బిందువులను ఒకే వ్యాసార్ధంతో కలిపే చాపాలు ఒక దిశలో రెండు ఉంటాయి గనుక, 180 డిగ్రీలకు మించని చాపానికి ధన ఆర్, మించిన చాపానికి ఋణ ఆర్ రాస్తారు. పూర్తి వృత్తాన్ని ఆర్‌తో రాయడం కుదరదు. ప్రారంభమూ ముగింపూ ఒకే బిందువైనప్పుడు ఆ బిందువు గుండా పోయే వృత్తాలకు అంతులేదు. ఈ నియమాలు పుస్తకాలలో ఉన్నవే. పుస్తకాలు అంతగా నొక్కిచెప్పని సంగతి, అర్ధవృత్తాలకు ఆర్ నమ్మదగినది కాదన్నది. ముగింపు బిందువులను గుండ్రపరచడంలో జ్యా సగం పొడవు 6 మి.మీ.కు బదులు 5.99 అయినదనుకొంటే, 6 మి.మీ. వ్యాసార్ధం నిలవడానికి కేంద్రం 0.35 మి.మీ. పక్కకు జరగాలి. మిల్లీమీటరులో నూరవ వంతు పొరపాటు ముప్పై అయిదు రెట్లు పెరిగినది. అదే పొరపాటు అటువైపు జరిగి 6.01 అయితే చాపమే సాధ్యం కాదు, యంత్రం ఆగిపోతుంది. విత్తన ప్లేట్లలో గుంటలన్నీ అర్ధవృత్తానికి దగ్గరివే కాబట్టి వాటికి ఐ, జె పద్ధతినే పాటించడం ఉచితం.

సవ్య, అపసవ్య దిశలను నిర్ణయించేది యంత్రం ముందు నిలబడినవారి కన్ను కాదు. ఆ తలానికి లంబంగా ఉన్న అక్షపు ధన దిశనుండి చూసినప్పుడు కనిపించే దిశే ప్రమాణం. జి17 తలంలో, అనగా ఎక్స్-వై తలంలో, పైనుండి చూడడమే గనుక చిక్కు లేదు. గుంట అడుగును వాలుగా గాని వంపుగా గాని కోయడానికి జి18 తలంలోకి వెళితే, నిలువు మిల్లింగ్ యంత్రం ముందు ఉన్న పనివాడు వై అక్షపు ఋణ వైపున నిలబడి ఉంటాడు. అతని కంటికి దిశ తారుమారుగా కనిపిస్తుంది.

ఇక కోత వేగం. ప్రోగ్రాములోని ఎఫ్ విలువ సాధారణంగా కట్టర్ కేంద్రం కదిలే వేగం. 6 మి.మీ. గుంటలో 4 మి.మీ. వ్యాసార్ధం గల కట్టర్ కేంద్రం 2 మి.మీ. వృత్తంపై తిరుగుతున్నప్పుడు, గోడను తాకే అంచు దానికి మూడు రెట్ల వేగంతో సాగుతుంది. నిమిషానికి 100 మి.మీ. అని రాసినచోట కోత 300 మి.మీ. వేగంతో జరుగుతుంది. కావలసిన కోత వేగాన్ని (6 - 4)/6 తో గుణించి ఎఫ్ విలువను మూడవ వంతుకు తగ్గించాలి. నైలాన్, పాలీప్రొపిలీన్ ప్లేట్లలో ఈ సవరణ చేయకపోతే గోడ గరుకై, అంచున బర్ మిగిలిపోతుంది. గింజ గుంటలోకి సరిగా దిగినా గొట్టం దగ్గర జారదు, ఆలస్యంగా పడుతుంది. ఎడం తప్పుతుంది.

12 మి.మీ. కట్టర్‌నే నేరుగా దించితే ఈ చాపాలన్నీ ఎందుకన్న ప్రశ్న యంత్రశాలలో తప్పక వస్తుంది. ఒక్క ప్లేటు కొరకైతే ఆ ప్రశ్న న్యాయమైనదే. కాని అప్పుడు గుంట కొలత కట్టర్ అరుగుదలకు కట్టుబడుతుంది, ప్రతి గింజ సైజుకూ వేరొక కట్టర్ కావాలి. చాపంతో, జి41 అనే కట్టర్ వ్యాసార్ధ సవరణతో రాసినప్పుడు కొలత అంకెలలో ఉంటుంది. నమోదు చేసిన కట్టర్ వ్యాసార్ధాన్ని 4.0 నుండి 4.25 కు పెంచితే, ప్రోగ్రాములో ఒక్క అక్షరం మారకుండానే గుంట వ్యాసం 11.5 మి.మీ. అవుతుంది. ఒకే సంకరం గింజలు గ్రేడును బట్టి మారే మొక్కజొన్నకు ఇది గొప్ప వెసులుబాటు.

అన్ని దోషాలనూ ఒకే తీరుగా పట్టించుకోనక్కరలేదు. 14 గుంటల ప్లేటుకు కోణం 25.714… డిగ్రీలు. దానిని 25.71 గా గుండ్రపరచి వరుసగా కలుపుకొంటూ పోతే చుట్టు ముగిసేసరికి 0.06 డిగ్రీల తేడా, అంచుపై సుమారు 0.06 మి.మీ. తేడా వస్తుంది. సాలులో అది అర మిల్లీమీటరు. అక్షం దిశ మార్చుకొనే చోట బాల్ స్క్రూ వదులు వలన వృత్తంపై నాలుగు మూలల ఏర్పడే సూక్ష్మమైన గుర్తులు కూడ అటువంటివే. ఐఎస్‌ఓ 230 నాలుగవ భాగం ప్రకారం వాటిని కొలవడం యంత్ర నిర్మాతకు ముఖ్యం, గింజకు కాదు. మైక్రాన్ల ఖచ్చితత్వాన్ని కొలతల పత్రంలో కోరి ప్లేటు ధరను పెంచడం కంటె, గుంట లోతు, మూలల గుండ్రదనం, బర్ లేకపోవడం అనే మూడింటిని స్పష్టంగా రాయడం ప్రయోజనకరం.

ప్లేటు చేతికి వచ్చిన తరువాత తనిఖీకి 11.8 మి.మీ. వ్యాసం గల ఒక పిన్ను, ఒక వెర్నియర్ చాలును. పిన్ను 18 గుంటలలోనూ దిగాలి. గుంట అడుగునుండి మధ్య రంధ్రపు అంచు వరకు ఉన్న దూరం 18 చోట్లా ఒకటే కావాలి. పిన్ను ఒక్కటే వాడితే పైన చెప్పిన లోతు తప్పిన గుంట బయటపడకపోవచ్చు, ఎందుకంటే దాని వెడల్పు సరిగానే ఉంటుంది. పొలంలో పరీక్షించేటప్పుడు టేపుతో కొలవడం కంటె మొక్కలను లెక్కించడం మేలు. 18 గుంటల ప్లేటుకు ఖాళీల మధ్య దూరం లెక్క ప్రకారం 3.6 మీటర్లు. కాని నేలచక్రం 10 శాతం జారితే ఎడం 22 సెం.మీ.కు, ఆ దూరం 3.96 మీటర్లకు పెరుగుతుంది. దూరం మారినా లెక్క మారదు. పదిహేడు మొక్కలు, ఒక ఖాళీ, మళ్లీ పదిహేడు మొక్కలు వరుసగా మూడు నాలుగు సార్లు కనిపిస్తే, విత్తనపు సంచిని పక్కన పెట్టి ఆ సాలు తొట్టిలోని ప్లేటును విప్పి చూడాలి.