పగులు ఎంత దూరం పోతుంది?

బట్టల కొట్టులో జాకెట్టు ముక్క అడిగితే, అంచున కత్తెరతో చిన్న గాటు పెట్టి, రెండు చేతులా పట్టుకుని చర్రున చింపేస్తారు. గాటు లేకుండా అదే బట్ట అంత తేలిగ్గా చిరగదు. లాగిన బలమంతా గాటు కొసన చేరుతుంది. అక్కడ ఒక పోగు తెగగానే భారం పక్క పోగు మీద పడుతుంది. లోహపు రేకులో పగులు సాగేదీ దాదాపు ఇలాగే.

మనం ఇండియాకు వెళ్లే విమానాల్లో చాలావాటి గోడలు పలుచని అల్యూమినియం రేకులే. పైకి వెళ్లిన ప్రతిసారీ లోపలి గాలి ఒత్తిడికి అవి కాస్త ఉబ్బుతాయి, దిగాక మళ్లీ సర్దుకుంటాయి. 1988 ఏప్రిల్ 28న హవాయిలో అలోహా ఎయిర్‌లైన్స్ వారి బోయింగ్ 737 విమానం 24 వేల అడుగుల ఎత్తున ఉండగా, పైకప్పు సుమారు 18 అడుగుల మేర ఊడిపోయింది. ఒక ఎయిర్‌హోస్టెస్ చనిపోయారు. మిగతా 94 మంది ప్రాణాలతో దిగారు. ఆ విమానం అప్పటికి 89 వేలకు పైగా సార్లు ఎగిరింది. రేకులను అతికించిన జిగురు విడిపోయి భారమంతా రివెట్ల మీద పడింది. ఆ రంధ్రాల దగ్గర పుట్టిన సన్నని పగుళ్లు ఒకదానితో ఒకటి కలిసిపోయాయి.

ఇలాంటి పగుళ్లను కంప్యూటర్‌లో ముందే లెక్కకట్టే దారి ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతి. చుక్కల ముగ్గు గుర్తుచేసుకోండి. రేకు బొమ్మను చుక్కలు, గీతలతో చిన్న చిన్న గళ్లుగా విడగొడతారు. ఒక్కో గడి ఎంత సాగుతుందో, పక్క గడిని ఎంత లాగుతుందో కంప్యూటర్ లెక్కిస్తుంది. పగులు కొస దగ్గర గళ్లు మరీ చిన్నవిగా ఉండాలి. చిక్కల్లా, పగులు కదిలినప్పుడల్లా అక్కడి ముగ్గు చెరిపి మళ్లీ వేయాలి. 1999లో అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీలో టెడ్ బెలిచ్కో బృందం, ముగ్గు అలాగే ఉంచి గళ్ల మధ్యలోంచే పగులు సాగేలా లెక్కను మార్చింది. గుడివాడలో పుట్టిన సత్య అట్లూరి కూడా విమానాల పగుళ్ల లెక్కల్లో పేరున్న శాస్త్రవేత్త. 2013లో ఆయనకు పద్మభూషణ్ వచ్చింది.

ఇప్పుడున్న పగులు ప్రమాదకరమైన పొడవుకు చేరడానికి ఇంకా ఎన్ని ప్రయాణాలు పడుతుందో ఈ లెక్క అంచనా వేస్తుంది. అంతకు చాలా ముందే తనిఖీ పెట్టుకోవచ్చు. కానీ కళ్లతో చూడాల్సింది మనుషులే. అలోహా విమానం ఎక్కేటప్పుడు ఒక ప్రయాణికురాలు తలుపు పక్కన పగులును చూశారు. ఎవరికీ చెప్పలేదు.

మీకెప్పుడైనా ఏదైనా తేడాగా కనిపిస్తే మొహమాటపడకండి. తలుపు దగ్గర నిలబడ్డ సిబ్బందికి ఒక్క మాట చెప్పండి.