తెరకు నునుపు, చేతికి చురుకు

◆ గంటకు 250 కిలోమీటర్ల వేగంతో పోయే కారు ఒక్క సెకనులో 69 మీటర్లు దాటేస్తుంది. పీసీలో సిమ్ రేసింగ్ ఆడుతున్నప్పుడు తెర మీది దృశ్యం 60 మిల్లీసెకన్లు వెనకబడి ఉందంటే, మన కంటికి కనిపించే చోటు కంటే కారు 4 మీటర్లు ముందుకు వెళ్లిపోయిందని అర్థం. దాదాపు ఓ కారు పొడవు! మోంజా ట్రాక్‌లో మెయిన్ స్ట్రెయిట్ చివర బ్రేకు బోర్డు చూసి కాలు వేసేవాళ్లకు మలుపు తప్పడానికి ఆ మాత్రం చాలు.

◆ 60 హెర్ట్జ్ మానిటర్‌లో బొమ్మ మారడానికి 16.7 మిల్లీసెకన్లు పడుతుంది. 144 హెర్ట్జ్‌లో 6.9, 240లో 4.2. మొదటి మార్పుతో దాదాపు 10 మిల్లీసెకన్లు కలిసొస్తాయి, రెండోదానితో 3 కూడా రావు. డబ్బులు చూసుకుని కొనేవాళ్లు 144 దగ్గర ఆగినా నష్టపోయేది తక్కువే.

◆ మానిటర్ బొమ్మను ఒక్కసారిగా వేయదు, పైనుంచి కిందికి వరుసలుగా గీసుకుంటూ వస్తుంది. సగం గీసేసరికి గ్రాఫిక్స్ కార్డు కొత్త ఫ్రేమ్ అందించిందా, పైసగం పాతది, కిందిసగం కొత్తది అవుతుంది. స్ట్రెయిట్‌లో ఇది అంతగా తెలియదు. హెయిర్‌పిన్ తిరిగేటప్పుడు మాత్రం చుట్టూ ఉన్నదంతా పక్కకు జరుగుతుంది కాబట్టి స్తంభాలు, చెట్లు నడిమికి విరిగినట్టు కనిపిస్తాయి.

ఈ చీలికను ఆపేది వీ-సింక్. మానిటర్ ఒక బొమ్మను పూర్తి చేసేదాకా తర్వాతి దాన్ని నిలిపి ఉంచుతుంది. తెర నున్నగా ఉంటుంది కానీ స్టీరింగ్ మందగించినట్టు అనిపిస్తుంది. 60 హెర్ట్జ్ తెరకు ఒక ఫ్రేమ్ 16.7 బదులు 17 మిల్లీసెకన్లకు తయారైందనుకోండి. ఆ కాస్త తేడాకే తర్వాతి వంతు దాకా, అంటే 33.3 మిల్లీసెకన్ల దాకా ఆగాలి.

◆ 2013లో ఎన్‌విడియా జీ-సింక్‌ను ప్రకటించి ఈ పద్ధతిని తిరగేసింది. కార్డు మానిటర్ కోసం ఆగడం పోయి, మానిటరే కార్డు కోసం ఆగడం మొదలైంది. 2014లో వెసా (VESA) సంస్థ అడాప్టివ్-సింక్‌ను డిస్‌ప్లేపోర్ట్ ప్రమాణంలో చేర్చింది, 2015లో ఏఎండీ ఫ్రీసింక్ మానిటర్లు మార్కెట్లోకి వచ్చాయి. నునుపు, చురుకు రెండూ దాదాపుగా ఒకేచోట దొరికింది అప్పుడే. సిమ్ రేసింగ్‌కు గత పదిహేనేళ్లలో ఇంతకంటే మేలు చేసిన మార్పు మరొకటి లేదని నా నమ్మకం.

అయితే ఒక మెలిక ఉంది. వీ-సింక్ కూడా వేసి ఉంచి, 144 హెర్ట్జ్ మానిటర్ మీద ఆటను 144 ఫ్రేములు తాకనిస్తే పాత నిరీక్షణ మళ్లీ మొదలవుతుంది. అందుకే అనుభవజ్ఞులు 141 దగ్గర పరిమితి పెడతారు. ఫ్రేములు తగ్గిస్తే ల్యాగ్ తగ్గడం వింతగా తోస్తుంది గానీ, నిజం.

◆ గ్రాఫిక్స్ కార్డు నూటికి నూరు పాళ్లు పనిలో మునిగి ఉన్నప్పుడు ప్రాసెసర్ దానికోసం రెండు మూడు ఫ్రేములను ముందే సిద్ధం చేసి వరుసలో పెడుతుంది. హోటల్లో ముందే పోసి పెట్టిన దోసెల్లాంటివి అవి. వడ్డన ఆగదు, మన ముందుకొచ్చేది మాత్రం వేడిది కాదు. ఆ వరుసను కుదించడానికే 2019లో ఏఎండీ యాంటీ-ల్యాగ్, 2020లో ఎన్‌విడియా రిఫ్లెక్స్ వచ్చాయి. అవి లేని ఆటల్లో నీడల నాణ్యత ఒక మెట్టు తగ్గించి కార్డుకు కాస్త ఊపిరాడనిచ్చినా చాలావరకు అదే ఫలితం.

◆ కంటికంటే ముందు చేతికి తెలుస్తుంది! సిమ్ రేసింగ్ ఆటల్లో అసెట్టో కోర్సా ఫిజిక్స్ లెక్కలు సెకనుకు 333 సార్లు, ఐరేసింగ్‌వి 360 సార్లు, ఆర్‌ఫ్యాక్టర్ 2వి 400 సార్లు జరుగుతాయి. ఈ లెక్కలు బొమ్మ గీయడం కోసం ఆగవు. వెనక టైర్లు జారడం మొదలవగానే ఆ కబురు ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ ద్వారా స్టీరింగ్‌కు చేరుతుంది. తెర మీద కారు ముక్కు పక్కకు తిరగడం ఆ తర్వాతే కనిపిస్తుంది.

◆ స్థిరమైన ఆలస్యానికి మనిషి అలవాటు పడతాడు. ఎప్పుడూ 50 మిల్లీసెకన్లే ఉంటే తెలియకుండానే బ్రేకు కాస్త ముందు వేయడం నేర్చుకుంటాడు. ఓ క్షణం 30, మరో క్షణం 70 అయితే ఏ అలవాటూ కుదరదు. సగటు ఎఫ్‌పీఎస్ (సెకనుకు ఫ్రేములు) అంకె చూసి మురిసిపోయేవాళ్లకు ఈ ఊగిసలాట కనబడదు. ఊగుతూ 120 దాకా ఎగబాకే ఆట కంటే కదలకుండా 90 దగ్గర నిలిచే ఆటలోనే ల్యాప్ టైములు నిలకడగా వస్తాయి.

అందుకే సెట్టింగులు ఖాళీ ట్రాక్ మీద సరిచూసుకుంటే లాభం లేదు. ముందు ముప్పై కార్లు, పైన వాన, చివరి వరుసలో మనం. ఆ దృశ్యాన్ని పెట్టుకుని చూడాలి. అద్దాలనూ మరిచిపోవద్దు. రియర్ వ్యూ మిర్రర్‌లో కనిపించేదాన్ని ఆట విడిగా మరోసారి గీయాలి.

◆ మూడు 1440పీ మానిటర్లు కలిపితే దాదాపు 1.1 కోట్ల పిక్సెళ్లు. ఒక 4కే తెరలో ఉన్నవి 83 లక్షలే. అంటే కార్డుకు మూడు తెరల భారమే ఎక్కువ.

◆ 2022లో ఎన్‌విడియా డీఎల్‌ఎస్‌ఎస్ 3తో వచ్చిన ఫ్రేమ్ జనరేషన్, రెండు అసలు ఫ్రేముల మధ్య ఒకదాన్ని ఊహించి చేరుస్తుంది. మధ్యది తయారు చేయాలంటే తర్వాతిది చేతిలో ఉండాలి కదా, దాన్ని కాసేపు ఆపి ఉంచుతుంది. ఎఫ్‌పీఎస్ అంకె పెరుగుతుంది, ఆలస్యమూ కొంత పెరుగుతుంది. ఊహించి గీసిన ఆ ఫ్రేములో మన స్టీరింగ్ తాజా కదలిక ఏదీ ఉండదు. రీప్లే చూసుకోవడానికి ఇది బాగుంటుంది, చక్రానికి చక్రం ఆనించి పోటీపడేటప్పుడు ఆపేయడమే మంచిది.

◆ వీఆర్ హెడ్‌సెట్‌లో రెండు రకాల ఆలస్యాలు ఒకేసారి నడుస్తాయి. తల తిప్పితే, టైమ్‌వార్ప్ అనే పద్ధతి సిద్ధంగా ఉన్న ఫ్రేమ్‌నే చివరి నిమిషంలో తల దిశకు తగ్గట్టు జరుపుతుంది. స్టీరింగ్ తిప్పితే ఆ సర్దుబాటు లేదు, కొత్త ఫ్రేమ్ రావాల్సిందే. 90 హెర్ట్జ్ హెడ్‌సెట్‌లో ఆట 45 ఫ్రేములకు పడిపోయినా తల కదలిక హాయిగా ఉండి, కారు మాత్రం మొండికేసినట్టు అనిపించడం ఇందువల్లే.

◆ పెద్ద టీవీ ముందు కూర్చుని ఆడేవాళ్లు ముందుగా రిమోట్ తీసుకోవాలి. బొమ్మను మెరుగుపరచడానికి టీవీ లోపల జరిగే ప్రాసెసింగ్ ఒక్కటే కొన్ని సెట్లలో గ్రాఫిక్స్ కార్డు ఆలస్యాన్ని మించిపోతుంది. గేమ్ మోడ్ వేస్తే అది చాలామటుకు ఆగిపోతుంది. 2017లో వచ్చిన హెచ్‌డీఎంఐ 2.1 ప్రమాణంలో, టీవీలోనూ పీసీలోనూ ఆ సౌకర్యం ఉంటే, ఆట మొదలవగానే టీవీ తనంతట తానే ఆ మోడ్‌లోకి మారే ఏర్పాటు కూడా ఉంది.