నాయకురాలు నాగమ్మ

నాయకురాలు నాగమ్మ 12వ శతాబ్దంలో గురజాల రాజధానిగా పల్నాటిని పాలించిన నలగామరాజుకు మంత్రిణి. పల్నాటి యుద్ధంలో బ్రహ్మనాయుడికి ప్రధాన ప్రత్యర్థి. 1611లో జహంగీరును వివాహమాడిన నూర్జహాన్ చక్రవర్తి భార్యగా మొఘల్ పాలనను నడిపింది. కాకతి రుద్రమదేవికి తండ్రి గణపతిదేవుని నుండి సింహాసనం సంక్రమించింది. రాజకుటుంబంతో ఏ సంబంధమూ లేని నాగమ్మ మంత్రిపదవి ద్వారా అధికారం చేపట్టడం విశేషం.

జీవితం

నాగమ్మ జీవిత విశేషాలు ఎక్కువగా వీరగాథల ద్వారానే తెలుస్తున్నాయి. వాటి ప్రకారం ఈమె చిన్నతనంలోనే పల్నాటిలోని జిట్టగామాలపాడుకు వచ్చి స్థిరపడింది. వితంతువైన తరువాత వ్యవసాయం చూసుకుంటూ గ్రామంలో పలుకుబడి సంపాదించింది. వేటకు వచ్చిన నలగామరాజుకు ఆతిథ్యమిచ్చి, ఆయన ఇచ్చిన వరం ఆధారంగా మంత్రిపదవి పొందిందని ప్రతీతి.

పల్నాటి యుద్ధం

నాగమ్మ ప్రాబల్యం పెరిగాక బ్రహ్మనాయుడు నలగాముని సవతి తమ్ముడు మలిదేవునితో మాచర్లకు తరలిపోగా, రాజ్యం రెండుగా చీలింది. కోడిపందెంలో ఓడిన మాచర్ల వారు ఏడేళ్లు వనవాసం చేయవలసి వచ్చింది. గడువు ముగిశాక తమ భాగం కోరుతూ రాయబారిగా పంపిన అలరాజు హత్యకు గురయ్యాడు. అతడు నలగామునికి స్వయానా అల్లుడు. ఈ హత్య నాగమ్మ పన్నాగమేనని గాథలు చెబుతాయి. దీనితో సంధి ఆశలు అడుగంటి, నాగులేటి ఒడ్డున కారంపూడి వద్ద యుద్ధం జరిగింది. బాలచంద్రుడు, కన్నమదాసు వంటి యోధులు పోరాడిన ఈ యుద్ధంలో ఇరుపక్షాలకూ అపార నష్టం వాటిల్లింది.

చరిత్రలో స్థానం

శ్రీనాథుని రచనగా భావించే ద్విపదకావ్యం పల్నాటి వీరచరిత్ర యుద్ధం జరిగిన రెండు శతాబ్దాల తరువాతిది. వీరవిద్యావంతులు పాడే గాథలలో మాచర్ల పక్షపు వీరులే ఆరాధ్యులు. ఏటా కార్తీకమాసంలో కారంపూడిలో జరిగే ఉత్సవాలు కూడా ఆ వీరుల స్మృతిలోనివే. అందువలన నాగమ్మ ఎక్కువగా కుట్రదారుగానే చిత్రించబడింది. ఆమె పక్షాన చెప్పిన ప్రాచీన కావ్యమేదీ ప్రసిద్ధిలో లేదు. అయితే రాజ్యాన్ని చీలిపోకుండా నిలపాలని చూడటం ఏ మంత్రికైనా విధియే. అలరాజు హత్యను విస్మరించలేకపోయినా, యుద్ధభారమంతా ఆమెపైనే మోపడం గాథల దృష్టి మాత్రమే.

సినిమాలలో

పల్నాటి యుద్ధం పేరుతో వచ్చిన రెండు సినిమాలలో నాగమ్మ పాత్రను 1947లో కన్నాంబ, 1966లో భానుమతి పోషించారు.