కంచుతాళం కీబోర్డుకు ఎందుకు లొంగదు?

ఖమ్మం నుంచి భద్రాచలం వెళ్లే దారిలో పెళ్లి బరాత్ అయినా, ఏజెన్సీ ఊరి చర్చి అయినా, వినాయక మండపమైనా ఇప్పుడు కీబోర్డు, రిథమ్ ప్యాడ్ల మోతే ఎక్కువ. ఒక బటన్ నొక్కితే పియానో, ఇంకోటి నొక్కితే వయొలిన్ల బృందం, మరోటి నొక్కితే షెహనాయి. చంకన పెట్టుకుపోయే ఆ పెట్టెలో ఇన్ని వాద్యాలు ఎలా పట్టాయి?

చాలావరకు అవి అసలు వాద్యాల రికార్డింగులే. స్టూడియోలో కళాకారుడు ఒక్కో స్వరం విడివిడిగా వాయిస్తాడు. మైకు అందుకున్న ధ్వనిని సాధారణంగా సెకనుకు 44,100 సార్లు కొలిచి అంకెలుగా దాస్తారు. దీన్ని శాంప్లింగ్ అంటారు. మీట నొక్కగానే ఆ అంకెలే మళ్లీ ధ్వనిగా మారతాయి. 1984లో వచ్చిన కర్జ్‌వైల్ 250 ఇలాగే పియానోకు బాగా దగ్గరగా పలికి పేరు తెచ్చుకుంది. దాని వెనక గాయకుడు స్టీవీ వండర్ పట్టుదల ఉంది.

ఒక్కసారి లెక్క కట్టి చూడండి. పియానోకు 88 మీటలు. ఒక్కోదాన్ని మెత్తని తాకిడి నుంచి గట్టి దెబ్బ దాకా ఎనిమిది రకాలుగా, పదేసి సెకన్ల చొప్పున, 16 బిట్ల స్టీరియోలో రికార్డు చేస్తే దాదాపు 1.2 గిగాబైట్లు అవుతుంది. 1980ల యంత్రాలకు అంత మెమరీ ఎక్కడిది! అందుకే ఒక్క రికార్డింగునే చుట్టుపక్కల మీటలకూ సాగదీసేవారు. చవక కీబోర్డులో పైస్థాయి వయొలిన్ కీచుమనడానికి ఇదో కారణం. అసలు వయొలిన్‌లో స్వరం ఎంత పైకి పోయినా చెక్క డొప్ప ప్రతిధ్వనించే తీరు మారదు. సాగదీతలో అదీ స్వరంతోపాటే పైకి పోతుంది.

పియానోకు శాంప్లింగ్ సరిపోతుంది. సుత్తి తీగను కొట్టాక ఆ స్వరాన్ని మలచడానికి వాయించేవాడి చేతిలో మిగిలేది తక్కువ. చిక్కంతా నాదస్వరంతోనే. భద్రాచలం రామాలయంలో ఏళ్ల తరబడి స్వామి సేవలో నాదస్వరం వాయించిన గోసవీడు షేక్ హసన్ సాహెబ్‌కు 2022లో మరణానంతరం పద్మశ్రీ ఇచ్చారు. అలాంటి విద్వాంసుడు రంధ్రాన్ని సగం మూస్తాడు, సీవాళి (పీక) మీద పెదవి బిగువు మారుస్తాడు, ఊపిరి పెంచి తగ్గిస్తాడు. స్వరం నుంచి స్వరానికి జారే ఆ దారిలోనే రాగం ఉంటుంది. కీబోర్డుకూ శ్రుతిని వంచే చక్రం ఉంది, ఎలక్ట్రానిక్ వాద్యాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే మిడి ప్రమాణంలో దానికి 16,384 అంచెలు. కాబట్టి అంచెలకు కొరత లేదు. కానీ చక్రం తిప్పితే కదిలేది ప్రధానంగా శ్రుతే. అసలు వాద్యంలో ఊపిరితో నాదం గుణమే మారిపోతుంది. అందుకే కొందరు రికార్డింగును పక్కన పెట్టి గొట్టాన్ని, పీకను, ఊపిరిని సమీకరణాలుగా రాసి ధ్వనిని అక్కడికక్కడే లెక్కగట్టించారు. యమహా 1994లో తెచ్చిన విఎల్1 అటువంటిదే.

ఇక కంచు. మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య కంచుమేళం–కంచుతాళం కళాకారుడు. సమ్మక్క–సారలమ్మ గాథను కోయ, తెలుగు భాషల్లో గానం చేసేవారు. ఆయనకూ 2022లోనే పద్మశ్రీ వచ్చింది, 2024లో కన్నుమూశారు. ఆయన వాయించిన అలాంటి కంచుతాళం కొట్టినప్పుడు పుట్టే కంపనాలు తీగలోలాగా మూల కంపనానికి రెండింతలు, మూడింతలు అన్న వరసలో ఉండవు. ఒక్కోటి ఒక్కో వేగంతో అణగారిపోతుంది. ముందు ఖంగుమనే పైధ్వనులు పోతాయి, తర్వాత అడుగున గుంయ్‌మనే మోత మిగులుతుంది. తాళంలోని రెండు బిళ్లల శ్రుతిలో పిసరంత తేడా ఉంటే ఆ మోత అలలు అలలుగా వినిపిస్తుంది. ఏ క్షణమూ ముందు క్షణంలా ఉండదు కనక, స్వరాన్ని ఎంతసేపైనా సాగించడానికి రికార్డింగు మధ్యలో ముక్క కోసి తిప్పి తిప్పి వినిపించే కిటుకు ఇక్కడ పనిచేయదు. మనిషి ఏ రెండు దెబ్బలూ ఒకేలా కొట్టడు. యంత్రం అదే రికార్డింగు మళ్లీ మళ్లీ వదిలితే పాట రెండో చరణానికే చెవి పసిగట్టేస్తుంది.

నా మట్టుకు నాకు, ఈ వాద్యాలను కీబోర్డులో దించడం తప్పేమీ కాదు, అరకొరగా దించడమే తప్పు. మేడారం జాతరలోనో, కోయగూడెం పండుగలోనో ఫోను పైకెత్తి పట్టుకుంటే జనం గోల తప్ప వాద్యం దక్కదు. రికార్డు చేయాలనుకునేవారు కళాకారుణ్ని అడిగి, పారితోషికం మాట్లాడుకుని, చప్పుడు లేని చోట కూర్చోబెట్టండి. ఒక్కో దెబ్బను మెత్తగానూ గట్టిగానూ, అంచు మీదా నడుమనా కనీసం నాలుగేసి సార్లు కొట్టించండి. మోత పూర్తిగా ఆగేదాకా మైకు కట్టేయకండి. ఫైలు మీద ఆ కళాకారుడి పేరు, ఊరు పేరు తప్పకుండా రాయండి.