కడప ఎండలో జెల్లీ షాట్లు

జెల్లీని వేలితో నొక్కితే వెనక్కి తోస్తుంది. చెంచాతో కోస్తే ముక్కలవుతుంది. గిన్నె వంచినా కారదు. ఇన్ని గట్టి లక్షణాలున్న ఆ ముద్దలో నూటికి తొంభై ఏడు పాళ్లు ద్రవమే. మిగిలిన మూడు పాళ్ల పదార్థం కంటికి ఆననంత సన్నటి పోగులై, ఒకదానితో ఒకటి ముడిపడి వల అల్లుకుంటుంది. ద్రవం ఆ వల కళ్లలో చిక్కుకుని కదలలేక నిలబడిపోతుంది. గట్టిపడింది వలే గాని ద్రవం కాదు. వంట వీడియోల పుణ్యమా అని విందుల్లోకి వచ్చిన జెల్లీ షాట్ల గురించి తెలుసుకోవలసిందంతా ఈ ఒక్క సంగతిలోనే ఉందని నా వాదన. నిమ్మరసం, చక్కెర, వోడ్కానో రమ్మో కలిపి, జెలటిన్ చేర్చి, చిన్న ప్లాస్టిక్ కప్పుల్లో పోసి, ఫ్రిజ్‌లో గడ్డకట్టించి, ఒక్క గుటకలో మింగడం వాటి పద్ధతి. మార్గరీటా, మొహీటో లాంటి కాక్‌టెయిల్ రుచులన్నీ ఇలా కప్పుల్లోకి ఎక్కాయి. వాటి తయారీ కొలతల్లో చాలావరకు చలిదేశాల వంటిళ్లలో పుట్టినవి. ప్రొద్దుటూరులోనో, జమ్మలమడుగులోనో, పులివెందులలోనో మే నెల రాత్రి మేడమీద వాటిని యథాతథంగా పాటిస్తే ఏమవుతుందన్నది ఒక ప్రశ్న. గడ్డకట్టినంత మాత్రాన అందులోని మందు జోరు తగ్గుతుందా అన్నది ఇంకొకటి.

జెలటిన్ పశువుల చర్మం, ఎముకల నుంచి తీసే ప్రోటీను. జంతువు ఒంట్లో ఉన్నప్పుడు దాని పేరు కొల్లాజెన్; మూడేసి పోగులు కలిసి పేనుకుని ఉంటుంది. నీళ్లలో ఉడికిస్తే ఆ పేనిక విడిపోతుంది. చల్లారుతుంటే విడిపోయిన పోగులు మళ్లీ పేనుకోవాలని చూస్తాయి గాని, మునుపటిలా పూర్తిగా కుదరదు. అక్కడొక చోట, ఇక్కడొక చోట మూడేసి మెలిపడతాయి. ఆ మెలికలే వలకు ముడులు. ఈ ముడులు గట్టివి కావు. 30 నుంచి 35 డిగ్రీల మధ్య వాటంతటవే ఊడిపోతాయి. ఆ అంకె ఊరికే వచ్చింది కాదు. ఏ జంతువు కొల్లాజెన్ అయినా ఆ జంతువు బతికే వేడికి తగ్గట్టు ఉంటుంది. చల్లటి సముద్రాల్లో తిరిగే కాడ్ చేప చర్మం నుంచి తీసిన జెలటిన్‌తో చేసిన జెల్లీ మామూలు గది వేడికే కరిగి నీరవుతుంది. పశువుల జెలటిన్ మన నోటి వేడికి కరుగుతుంది. నాలుక మీద పెట్టగానే జారిపోయే ఆ హాయి అందువల్లే. తినేవాడికి హాయైన ఈ గుణమే కడప జిల్లాలో వడ్డించేవాడికి చిక్కు తెచ్చిపెడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ పగలు 40 డిగ్రీలు దాటడం వింత కాదు, పొద్దుగూకాక కూడా మేడ గచ్చు సెగ కక్కుతూనే ఉంటుంది. ఫ్రిజ్ ఉంది కదా అనవచ్చు. ఉంది. కానీ ఫ్రిజ్‌లో ఉన్నంతసేపే ఆ చలువ. ముప్పై మిల్లీలీటర్ల కప్పు చిన్నది. చిన్న వస్తువుకు లోపలి సరుకుతో పోలిస్తే పైతలం ఎక్కువ, కాబట్టి వేడి చకచకా లోపలికి దిగుతుంది. పళ్లెం బయటికి తెచ్చి నలుగురికీ అందించేలోపు అంచులు చెమర్చడం మొదలవుతుంది.

ఈ ఇబ్బంది మనకంటే ముందు జర్మనీలో సూక్ష్మజీవుల శాస్త్రవేత్తలకు ఎదురైంది. 1880ల మొదట్లో రాబర్ట్ కోఖ్ ప్రయోగశాలలో బాక్టీరియాను జెలటిన్ మీద పెంచేవారు. మనిషికి జబ్బు చేసే క్రిములకు మనిషి ఒంటి వేడి, అంటే 37 డిగ్రీలు కావాలి. ఆ వేడిలో జెలటిన్ నిలవదు. ఎండాకాలమైతే గదిలోనే కరిగేది. పైగా కొన్ని క్రిములు జెలటిన్‌నే అరిగించుకుని పలక మొత్తాన్ని నీళ్లు చేసేవి. ఆ ప్రయోగశాలలో పనిచేస్తున్న వాల్తర్ హెస్సెకు దారి చూపింది ఆయన భార్య ఫానీ. ఎండాకాలంలో కూడా ఆమె చేసే పండ్ల జెల్లీలు చెక్కుచెదరకుండా నిలిచేవి. వాటిలో ఆమె వేసేది అగర్. జావాలో ఉండి వచ్చిన ఒక డచ్చి కుటుంబం నుంచి ఆమె చిన్నప్పుడే ఆ కిటుకు నేర్చుకుంది. కోఖ్ 1882లో క్షయ క్రిమి గురించి రాసిన పత్రంలో అగర్ ప్రస్తావన ఉంది. ఫానీ పేరు లేదు. ఈనాటికీ ప్రపంచంలోని ప్రయోగశాలలు అగర్ పలకల మీదే క్రిములను పెంచుతున్నాయి. బెర్లిన్ ఎండకే చేతులెత్తేసిన పదార్థం ఎర్రగుంట్ల ఎండకు నిలుస్తుందని ఆశపడటం దండగ.

మన కిరాణా కొట్లలో చైనాగ్రాస్ పేరుతో దొరికేది ఈ అగరే. సముద్రపు ఎర్రనాచు నుంచి తీస్తారు. మనకు దగ్గర్లో తమిళనాడులోని రామనాథపురం తీరంలో ఆ నాచు ఏరేవాళ్లున్నారు. ఇది ప్రోటీను కాదు, చక్కెర అణువుల గొలుసు. చల్లారేటప్పుడు ఈ గొలుసులు రెండేసి మెలిపడి, ఆ మెలికలు మళ్లీ కట్టలు కట్టలుగా పక్కపక్కన చేరతాయి. ఒక్కో ముడి దగ్గర ఇంత బందోబస్తు ఉండటంతో దాన్ని విప్పడానికి చాలా వేడి కావాలి. అగర్ 35, 40 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. కరగాలంటే మాత్రం 85 దాకా పోవాలి. ఫ్రిజ్ అవసరం చల్లదనానికే గాని నిలబెట్టడానికి కాదన్నమాట. కట్టే వేడి, కరిగే వేడి ఒకటే కానక్కర్లేదన్న సంగతి సీమవాళ్లకు కొత్తదేం కాదు: సంగటి ముద్ద పొయ్యి మీదే గట్టిపడుతుంది, మళ్లీ ఎంత వేడిచేసినా అంబలి కాదు. అదొక రకం వల, పిండిపదార్థంతో అల్లింది. అగర్‌కు ఇంకో మేలుంది. ప్రొద్దుటూరు లాంటి వ్యాపార పట్టణంలో శాకాహారుల ఇళ్లకు తక్కువ లేదు. వాళ్లు నిరభ్యంతరంగా తినొచ్చు. దీని మీద ఒక అభ్యంతరం మాత్రం న్యాయమైనదే. అగర్ నోట్లో కరగదు, పుటుక్కున విరుగుతుంది. జెలటిన్ జారుడు దానికి రాదు. దానికి ఉపాయం, అగర్ పాళ్లు తగ్గించడం. వంద మిల్లీలీటర్లకు ఒక గ్రాము వేసేచోట అర గ్రాము వేస్తే మెత్తగా వస్తుంది, చక్కెర కాస్త ఎక్కువైతే పెళుసుదనం తగ్గుతుంది. అయినా జెలటిన్ జెల్లీ కాదు. ఆ లోటుకు సర్దుకోవడమా, కరిగిన కప్పుల్ని తాగడమా అన్నప్పుడు నా ఓటు లోటుకే.

వలను తెంపేది వేడి ఒక్కటే కాదు. రైల్వే కోడూరు వైపు బొప్పాయి విరివిగా పండుతుంది. ఆ ముక్కలు పచ్చివే జెలటిన్‌లో వేస్తే రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టినా గడ్డకట్టదు. గట్టి మాంసం కూరలో పచ్చి బొప్పాయి ముక్క ఎందుకు వేస్తారో దీనికీ అదే కారణం. అందులోని పపెయిన్ అనే ఎంజైము ప్రోటీను పోగుల్ని ముక్కలు చేస్తుంది. అక్కడ మాంసం మెత్తబడుతుంది, ఇక్కడ వల పుట్టకుండానే తెగిపోతుంది. అనాసపండులోని బ్రొమెలైన్ చేసేదీ ఇదే. పండును ఉడికిస్తే ఎంజైము చచ్చిపోతుంది కాబట్టి డబ్బాలో వచ్చే అనాసతో ఈ తంటా లేదు. అగర్ ప్రోటీనే కాదు గనక పచ్చి పండైనా దాన్నేం చేయలేదు. పులివెందుల చీనీకాయలది వేరే కథ. చీనీ రసంలో ఈ ఎంజైముల బెడద లేదు గాని పులుపుంది. పులుపుతో కలిపి మరిగిస్తే అగర్ గొలుసులు తెగి జెల్లీ నీరసపడుతుంది. పైగా ఉడికిన చీనీ రసం చేదెక్కుతుంది: పండులో చేదులేని రూపంలో ఉన్న పదార్థం పిండాక పులుపు తగిలి లిమొనిన్ అనే చేదుగా మారుతుంది, వేడి ఆ మార్పును తొందరపెడుతుంది. అందుకని అగర్‌ను ముందు ఉత్త నీళ్లలోనే చక్కగా మరిగించి, దించి, అరవై డిగ్రీలకు చల్లారాక గది వేడిలో ఉన్న రసం కలపాలి. ఫ్రిజ్‌లోంచి తీసిన రసం పోస్తే తగిలిన చోటల్లా అప్పటికప్పుడే గడ్డలు కడుతుంది.

మందు కలపడమూ అప్పుడే. ఆల్కహాలు 78 డిగ్రీలకే మరుగుతుంది కాబట్టి సలసల కాగుతున్న నీళ్లలో పోస్తే కొంత ఆవిరైపోతుంది. అంతకన్నా పెద్ద ప్రమాదం మంట. నలభై శాతం ఆల్కహాలున్న మందు మీది ఆవిరి 26 డిగ్రీల దగ్గరే నిప్పు తగిలితే అంటుకోగలదు. మన వంటిల్లు ఏడాదిలో చాలా రోజులు ఆ వేడి దాటే ఉంటుంది. గ్యాస్ పొయ్యి ఆర్పి, గిన్నెను దూరంగా జరిపాకే సీసా మూత తీయాలి. ఎంత పోయాలన్నది మళ్లీ వల దగ్గరికే తెస్తుంది. జెలటిన్ గాని అగర్ గాని నీళ్లలో కరుగుతాయి, ఆల్కహాలులో కరగవు. ఆల్కహాలు పెరిగేకొద్దీ అది నీటిని తనవైపు లాక్కుంటుంది. పోగులకు నీరు చాలక ముడుచుకుంటాయి. కొంతవరకు జెల్లీ మెత్తబడి ఊరుకుంటుంది. హద్దు దాటితే తెల్లటి తరకలుగా విరిగి అడుగుకు చేరుతుంది. ప్రోటీన్లను, ఇలాంటి గొలుసుల్ని ద్రవంలోంచి వేరుచేయడానికి ప్రయోగశాలల్లో ఆల్కహాలు పోసేది ఈ గుణాన్ని నమ్ముకునే. మన దేశంలో అమ్మే వోడ్కా, రమ్ములలో సాధారణంగా 42.8 శాతం ఆల్కహాలుంటుంది. మొత్తం మిశ్రమంలో మూడో వంతుకు మించకుండా పోస్తే పద్నాలుగు శాతం దగ్గర ఆగుతుంది, వల నిలబడుతుంది.

ఇప్పుడు రెండో ప్రశ్న. గడ్డకట్టిన మందు నాలుకకు మండదు. దాన్నిబట్టి తేలికదని అనుకుంటారు. మండకపోవడానికి కారణాలు వేరు. మిరపకాయ కారాన్ని పసిగట్టే గ్రాహకమే మందు మంటనూ పసిగడుతుంది. ఆ గ్రాహకం అసలు 42 డిగ్రీల వేడికి మేల్కొనేది. ఆల్కహాలు తగిలితే అంతకు బాగా దిగువనే, ఒంటి వేడికే మేల్కొంటుంది. చల్లటి మందు కూడా గొంతులో మండినట్టుండటం అందుకే. ఫ్రిజ్‌లోంచి వచ్చిన ముక్క ఆ చోటును చల్లబరుస్తుంది, చక్కెర నాలుకను ఏమారుస్తుంది, వలలో చిక్కిన ద్రవం నోరంతా పరుచుకోదు, ముక్కుకు ఘాటు అందదు. అన్నీ కలిసి మందును దాచాయి గాని తగ్గించలేదు. ఈ ఎరుక కొత్తది కాదు. జెల్లీ షాట్‌ను 1950లలో సైన్యంలో ఉండగా తానే కనిపెట్టానని అమెరికా గణితవేత్త, పాటల రచయిత టామ్ లెహ్రర్ చెప్పుకున్నాడు. అక్కడ విందులో మందు నిషేధం గనక దాన్ని జెల్లీ చేశాడట. కానీ 1862లోనే న్యూయార్క్ బార్ నిపుణుడు జెర్రీ థామస్ తన పుస్తకంలో మందు కలిపిన జెల్లీ తయారీ రాసి, జెలటిన్ చాటున ఘాటు తెలియక ఎక్కువ తినేస్తారని, తర్వాత నాట్యానికి పనికిరారని హెచ్చరించాడు. కనిపెట్టిన ఘనత ఎవరిదైతేనేం, హెచ్చరిక మాత్రం పాతదే.

లెక్క వేసి చూద్దాం. ముప్పై మిల్లీలీటర్ల కప్పులో మూడో వంతు, అంటే పది మిల్లీలీటర్లు మందు. అందులో అసలు ఆల్కహాలు 4.28 మిల్లీలీటర్లు, తూకంలో 3.4 గ్రాములు. మూడు కప్పులు మింగితే ఒక స్మాల్ పెగ్గు. అరగంటలో తొమ్మిది కప్పులు మిఠాయి తిన్నంత తేలిగ్గా తినేవాడు మూడు పెగ్గులు వరసగా గొంతులో పోసుకునేముందు ఒక్క క్షణమైనా ఆలోచిస్తాడు. జెల్లీలోంచి మందు మెల్లగా కదా బయటికొచ్చేది, రక్తంలోకి నెమ్మదిగా ఎక్కుతుంది, అదే క్షేమం కదా అని వాదించేవాళ్లుంటారు. ఇందులో సగం నిజముంది. జెలటిన్ కడుపులో 37 డిగ్రీల దగ్గర నిమిషాల్లో కరిగిపోతుంది; అక్కడ ఆలస్యం లెక్కలోకి రాదు. అగర్ కరగదు, మనకు అరగదు. అయితే వల కళ్లు ఆల్కహాలు అణువుకు చాలా పెద్దవి. ఉత్త నీళ్లలో పాకినట్టే దాదాపుగా పాకి బయటికొస్తుంది. ఈ పాకడంలో దూరం ఐదింతలైతే పట్టే కాలం ఇరవై ఐదింతలు. మిల్లీమీటరు దాటడానికి ఆరేడు నిమిషాలు పడితే, నమలకుండా మింగిన పెద్ద ముక్క మధ్యనుంచి ఐదు మిల్లీమీటర్లు రావడానికి రెండున్నర, మూడు గంటలు పడుతుంది. కడుపు ఊరుకోదు, ముక్కను చిదుపుతుంది, కాబట్టి అంత ఆలస్యం కాదు; కొంత మాత్రం అవుతుంది. ఆ ఆలస్యమే అసలు చిక్కు. ఇంకా ఎక్కలేదనుకుని మరో నాలుగు మింగుతాడు. ఇంటికి బయల్దేరేసరికి బాగానే ఉన్నవాడికి దారి మధ్యలో ఎక్కుతుంది. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే బండి నడపడం నేరమని మోటారు వాహనాల చట్టం అంటుంది. ఆ 30 జెల్లీలోంచి వచ్చిందా, గ్లాసులోంచి వచ్చిందా అని అడగదు.

కాక్‌టెయిల్ రుచి కావాలంటే ఆల్కహాలు ఉండి తీరాలనేం లేదు. ఆ రుచిలో ఎక్కువ భాగం పులుపు, తీపి, పుదీనా, అల్లం, చిటికెడు ఉప్పులదే. సీమలో అందరికీ తెలిసిన నన్నారి షర్బత్తును నిమ్మరసంతో కలిపి అగర్‌లో పోస్తే ఏ బార్ రుచికీ తీసిపోదు, ఘాటు తప్ప అన్నీ ఉంటాయి. ఇంట్లో పిల్లలుంటే రెండు రకాలూ ఒకే రంగులో, ఒకే తీరు కప్పుల్లో చేయకూడదు. పసివాడికి కనిపించేది రంగురంగుల జెల్లీయే. నాలుకకు మండకుండా మనమే ఇంత శ్రమపడి చేసిపెట్టాం గనక వాడు మధ్యలో ఉమ్మేయడు, చిన్న ఒంటికి రెండు మూడు కప్పులే ప్రమాదం. నన్నారివి గుండ్రటి కప్పుల్లో, మందువి పళ్లెంలో పోసి పలకలుగా కోసి, వేరే ఫ్రిజ్‌లో, కుదరకపోతే తాళం పడే చోట పెట్టాలి. అగర్‌తో చేసినవి గనక బయటున్నా కరగవు.